ఈగ గ్రుడ్డును చుట్టపొగయు

మగ్గిన అరటిపండ్ల మీదను, కల్లుముంత చుట్టును మూగెడి నువ్వుగింజంత ఈగను ఎఱుగని గృహము మన దేశమున నుండదు. మామిడికాయను తొలిచి లోపల పురుగు పట్టించు పండుఈగ వేఱు. ఇది దానికంటె చాల చిన్నది. ఎఱ్ఱని కన్నులు గలది. శాస్త్రజ్ఞులు దీనిని డ్రోసోఫిలా యందురు. మంచుబిందువులను ప్రేమించునది అని ఆ గ్రీకుమాటకు అర్థము.

అట్లే శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలను ఎఱిగినవారికి అడ్డపొగ క్రొత్తమాట కాదు. చుట్టను వెలిగించి, నిప్పు గల కొనను నోటిలోనికి పెట్టుకొని పొగ త్రాగుటకు అడ్డపొగ యని పేరు. ఇది మన తీరమున ముఖ్యముగా స్త్రీల అలవాటు. ఆ ఈగకును ఈ చుట్టకును సంబంధమేమి యని చదువరులు ఆశ్చర్యపడవచ్చును. కాని మన పల్లెలలో తఱచుగా వినవచ్చు నొక ప్రశ్నకు ఆ ఈగ గ్రుడ్డులోనే సమాధానము దొరకినది. ఆ ప్రశ్న యిది: "మా అమ్మ నలుబదియేండ్లు త్రాగినది, మా అత్తయు త్రాగినది, వారికేమైనది?" ఈ ప్రశ్నను మౌఢ్యమని తోసివేయుట సులభము. అది మౌఢ్యము కాదు. కన్నులతో చూచిన దానినిబట్టి పుట్టిన ప్రశ్న యది. దానికి తగిన సమాధానము చెప్పవలసిన భారము చదువుకొన్నవారిది. ఆ సమాధానము ఎట్లు లభించెనో తెలిసికొనుటకు కొంత చరిత్రను చూడవలెను.

1910వ సంవత్సరమున అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమందు టామస్ హంట్ మోర్గన్ అను పండితుడు సీసాలలో పెంచుచున్న ఈగలలో తెల్లకన్నుల ఈగ నొకదానిని చూచెను. ఆ తెల్లదనము తరతరములకు ఏ క్రమమున దిగుచున్నదో లెక్కించి, వారసత్వలక్షణములు కణములోని క్రోమోసోములను ఆశ్రయించి యున్నవని ఆయనయు శిష్యులును స్థాపించిరి. ఆ శిష్యులలో నొకడగు హెర్మన్ ముల్లర్ 1927లో ఈగలకు ఎక్సుకిరణములను తగిలించి, వాని సంతతిలో వికారములు అనేక రెట్లు హెచ్చునని చూపెను. ఎక్సుకిరణము అప్పటికి వైద్యులచేతిలో నొక వింతదీపము. దానిని నిర్లక్ష్యముగా వాడుచుండిరి. కంటికి కనబడని గాయము కణమునకు తగులుననియు, అది బిడ్డల బిడ్డలకును సంక్రమింపగలదనియు ముల్లర్ జీవితాంతము హెచ్చరించుచుండెను. 1946లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

గాయము తగులు వస్తువేదో 1953 తరువాత స్పష్టమైనది. ఆ యేట వాట్సన్, క్రిక్ అనువారు డి.ఎన్.ఏ. రూపమును, ఒకదానిని మఱియొకటి పెనవేసికొన్న రెండు పోగులుగా నిరూపించిరి. మనుష్యుని ఒక్కొక్క కణమునందు ఈ దారము సుమారు రెండు మీటర్ల పొడవుండును. కణము రెండగుటకు ముందు ఈ దారమంతయు అచ్చముగా మఱియొక ప్రతిగా తయారుకావలెను. తరువాత ఆ రెండు ప్రతులును రెండు ప్రక్కలకు తప్పక విడిపోవలెను. అట్లు విడదీయు సాధనము రెండు కొనలు సన్నగిలి, నడుమ లావై, నూలు చుట్టిన కదురువలె నుండును. శాస్త్రగ్రంథములలో దానికి కదురనియే పేరు.

కదురు మాట వచ్చినప్పుడు మనకు పొందూరు జ్ఞప్తికి రాకమానదు. వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వి సన్ననూలు వడికెడి ఆ యూరి స్త్రీలను చూచినవారికి ఒక సంగతి తెలియును. పోగు తెగినప్పుడు వారు రాట్నమును త్రిప్పుచునే యుండరు. చేయి నిలిపి, తెగిన కొనను వెదకి, అతికి, పిమ్మట మరల త్రిప్పుదురు. తెగిన పోగుతోనే త్రిప్పినచో చిక్కులే గాని నూలు రాదు. కణమును అట్లే చేయునా? ఎక్సుకిరణములు తగిలిన కణములు విభజనను ఆలస్యము చేయునని శాస్త్రజ్ఞులు చాలకాలముక్రిందటనే గమనించిరి. అయితే అది గాయపడుటచే కలిగిన నీరసమా, లేక కణము తనంతట తాను ఆగి చూచుకొనుటయా యనునది తేలలేదు.

1988లో అమెరికాలో టెడ్ వైనెర్ట్, లీలాండ్ హార్ట్‌వెల్ అనువారు ఈ సందేహమును తీర్చిరి. వారు పరీక్షించినది రొట్టెపిండిని పులియబెట్టు ఈస్టు కణము. అందులో ఒక జన్యువు చెడినయెడల, కిరణములు తగిలినను కణము ఆగక విభజన చేసికొని పోయి చచ్చుచుండెను. అదే కణమును మందుచేత కొంతసేపు బలవంతముగా ఆపినచో, తన గాయమును మాన్చుకొని బ్రదుకుచుండెను. కాబట్టి మాన్పుకొను శక్తి దానికున్నది; ఆగు శక్తియే లేదు. ఆగుట నీరసము కాదు, ఒక కావలి చేయు పని యని దీనివలన తెలిసెను. ఇట్టి కావలిస్థానములను గూర్చిన విచారమే కణశాస్త్రమున నొక క్రొత్త అధ్యాయమైనది. 2001లో హార్ట్‌వెల్, నర్స్, హంట్ అను మువ్వురికి నోబెల్ బహుమానము వచ్చినది.

ఇక ఈగ గ్రుడ్డును చూతము. గ్రుడ్డు ఫలించిన తరువాత సుమారు రెండు గంటలసేపు దానిలో జరుగు పని అత్యాశ్చర్యకరము. కణముల మధ్య గోడలు కట్టబడవు. ఒకే గదిలో కేంద్రకములు మాత్రము ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిదిగా పదుమూడు పర్యాయములు, అన్నియు ఇంచుమించు ఒక్క తాళమునకు, రెట్టింపగుచుండును. మొదట ఒక్కొక్క పర్యాయమునకు తొమ్మిది నిమిషములైన పట్టదు. మన దేహములోని కణమునకు ఇదే పనికి ఒక దినము పట్టవచ్చును. పదియవ పర్యాయమునకు కేంద్రకములు చాలవరకు గ్రుడ్డు ఉపరితలమునకు చేరును. కడపటికి సుమారు ఆరువేల కేంద్రకములు అక్కడ వరుసలు తీరి నిలుచును. అప్పుడు వాని నడుమ గోడలు లేచి, ఆరువేల కణములు ఏర్పడును. ఇంత త్వరలో, తల్లి గ్రుడ్డులో నిలువచేసి పెట్టిన ద్రవ్యములతోనే పని జరుగవలసియుండగా, పోగు తెగినప్పుడు ఆగి అతుకుటకు తీరికయెక్కడిది?

దీనికి సమాధానము 1990వ సంవత్సరము తరువాతి పరిశోధనలలో క్రమముగా లభించినది. విలియం సల్లివన్ మొదలగువారు సజీవమైన ఈగపిండమును సూక్ష్మదర్శినితో చూచుచు, విభజన సరిగా జరుగని కేంద్రకములు ఉపరితలమునుండి జారి గ్రుడ్డు లోపలికి మునిగిపోవుచున్నవని గమనించిరి. అట్లు మునిగినవి పిండశరీరములో చేరవు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున విలియం థర్కాఫ్ అను పండితుడును ఆయన సహచరులును ఈ మునుకకు కారణమును వెదకి, 2003లో వెల్లడించిరి. కదురు రెండు కొనలయందును సెంట్రోసోములను బిందువులుండును. కదురు నిలుచుట వానిపై ఆధారపడి యుండును. డి.ఎన్.ఏ. తెగియున్న కేంద్రకము విభజనకు దిగినచో, చెక్2 అను నొక ప్రోటీను ఆ కేంద్రకమునకు చెందిన సెంట్రోసోములను మాత్రము పనిచేయకుండ చేయును. కదురు సరిగా నిలువదు, ప్రతులు విడిపోవు, ఆ కేంద్రకము లోనికి జారిపోవును. ప్రక్కనున్న ఆరోగ్యకరమైన కేంద్రకములు తమ పని తాము చేసికొనుచుండును.

పరుగెత్తు పిండము గాయమును మాన్చుటకు కాలము వ్యయపరుపదు; గాయపడినదానిని పంక్తినుండి తొలగించును. ఆరువేలలో కొన్ని పోయినను పిండమునకు లోపము లేదు. కాని చెడిన ప్రతి యొకటి శరీరములో చేరి వేలకొలది కణములకు మూలమైనచో లోపము గలుగును. చెక్2 జన్యువు లేని ఈగలయందు ఇదే జరుగును. అక్కడ తెగిన డి.ఎన్.ఏ. గల కేంద్రకములు తొలగింపబడక ఉపరితలముననే నిలిచి, విభజన పొందుచుండును. కావలి లేనిచో పైకి అంతయు సవ్యముగనే కనబడును. ఇందులోనే ప్రమాదమున్నది.

గ్రుడ్డు పెరిగినకొలది నీతియు మారును. పదునొకండవ పర్యాయమునుండి పదుమూడవ పర్యాయమువరకు కేంద్రకములు క్రమముగా నెమ్మదించును. 1997లో సీబన్, థర్కాఫ్ మొదలగువారు ఈ నెమ్మదికిని ఒక కావలియే కారణమని చూపిరి. ద్రాక్షలు అను నర్థము గల గ్రేప్స్ అను పేరు ఆ జన్యువునకు పెట్టబడినది. అది తల్లియందు లోపించిన గ్రుడ్లలో కేంద్రకములు నెమ్మదింపవు. దారపు ప్రతి పూర్తికాకుండగనే విభజనకు దిగి, పిండమంతయు నశించును. గోడలు కట్టుకొని కణములైన పిమ్మట ఈగపిండము, కిరణములు తగిలినప్పుడు, పొందూరు స్త్రీవలెనే ఆగును. అతుకుటకు వీలుకాని కణములు పి53 అను జన్యువు ఆజ్ఞచేత తమంతట తాము చచ్చును. ఈగయందలి ఆ జన్యువును 2000వ సంవత్సరమున కనుగొనిరి.

ఆగుట, తొలగించుట, చచ్చుట అను ఈ మూడు ఉపాయములను తప్పించుకొని తెగినపోగు కదురులోనికి పోయినచో ఏమగును? క్రోమోసోమునకు నడుమ కదురుపోగులు పట్టుకొను స్థానమొకటి యుండును. తెగిన తునక ఆ స్థానము లేనిదైనచో, దానిని లాగుటకు కదురుకు పట్టు దొరకదు. అయినను, 2010లో ఆన్ రోయూ, సల్లివన్ మొదలగువారు ఈగ పురుగుదశలోని మెదడుకణములను పరీక్షించి, సన్నని డి.ఎన్.ఏ. తంతువొకటి ఆ తునకను తల్లిక్రోమోసోముతో బంధించి వెంట తీసికొనిపోవుట చూచిరి. ఆ కట్టును తెగినచో తునక వెనుకబడును. అది పెద్దకేంద్రకములో చేరక, ప్రక్కన చిన్నబొట్టువలె మిగులును. దానిని సూక్ష్మకేంద్రక మందురు. కణములో సూక్ష్మకేంద్రకము కనబడినచో, క్రోమోసోమైనను దాని తునకయైనను విభజనవేళ వెనుకబడినదని గ్రహింపవలెను.

ఇప్పుడు మన పల్లెలకు వత్తము. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు అను వైద్యులు, నిప్పుకొన లోపలికి పెట్టి చుట్టత్రాగుటచే కోస్తా ఆంధ్రమున అంగుటికి రాచపుండు కలుగుచున్నదని ప్రకటించిరి. లోకమున ఇతరత్ర అంగుటి క్యాన్సరు అరుదు. మన తీరమున అది అరుదు కాదు. తరువాత బొంబాయిలోని టాటా మౌలికపరిశోధనసంస్థకు చెందిన ఎఫ్.ఎస్. మెహతా, పి.సి. గుప్త, డి.కె. దఫ్తరీలును, డెన్మార్కుదేశపు జె.జె. పిండ్‌బోర్గును కలిసి శ్రీకాకుళము జిల్లా పల్లెలలో ఇంటింటికి తిరిగి 10,169 మంది నోళ్లను పరీక్షించిరి. నాటి శ్రీకాకుళము జిల్లా నేటికంటె పెద్దది. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడువరకు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురము ప్రాంతములును అందులోనివే. 1971లో ప్రకటింపబడిన ఆ పరీక్షలో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ త్రాగువారని తేలెను. అంగుటిపై తెల్లని పొరలు, ఎఱ్ఱని మచ్చలు, పుండ్లు వారియందు విస్తారముగా కనబడెను. 1974లో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డిగారును అడ్డపొగకును అంగుటి క్యాన్సరుకును గల సంబంధమును మరల వివరించిరి.

నోటి లోపలి చర్మము ఎల్లప్పుడు అరిగి రాలుచుండును. అడుగున నున్న కణములు నిత్యము విభజన పొంది ఆ లోటును పూరించుచుండును. పొగాకులోని నైట్రొసమీనులు, పొగలోని బెంజోపైరీను మొదలగు విషములు డి.ఎన్.ఏ.ను అంటుకొని చెఱచును. అడ్డపొగలో వీనికి తోడు నిప్పువేడి. వేడిచే కాలిన చర్మమును మాన్చుటకు అడుగుకణములు మఱింత త్వరగా విభజన పొందవలసివచ్చును. అనగా పోగును తెంపుచు, ఆ చేతితోనే రాట్నమును వేగముగా త్రిప్పుమనుట. 1992లో కెనడాదేశపు స్టిచ్, మనదేశపు పరీడా మొదలగువారు అడ్డపొగ త్రాగువారి నోటినుండి కణములను గీకి పరీక్షింపగా, పొగాకు తగులు చోటనే సూక్ష్మకేంద్రకములు హెచ్చుగా నున్నవని తెలిసెను. ఈగ పురుగులో వెనుకబడిన తునకను చూచితిమి గదా! మన ముసలమ్మల అంగుటిలోనిదియు అట్టిదే.

"మా అమ్మకేమైనది?" అను ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. ఆమెకు ఏమియు కాలేదనుట నిజము కాదు. ప్రతిదినమును ఆమె నోటిలో పోగులు తెగుచునే యుండెను. ప్రతిదినమును కావలి ఆ కణములను ఆపి మాన్చుచో, మాన్పరానివానిని చంపుచో కాపాడుచుండెను. ఆమె క్షేమము చుట్ట నిర్దోషమగుటచే కలిగినది కాదు. కావలి మేల్కొనియుండుటచే కలిగినది. కాని ఆ కావలికి ఆజ్ఞ వ్రాసియున్నది ఎక్కడ? అదే డి.ఎన్.ఏ. దారముపైననే. పొగ తెంపునప్పుడు ఇది పనికిమాలిన పోగు, ఇది కావలిపోగు అని వివేచన చేయదు. 1996లో పరిశోధకులు, బెంజోపైరీను మనుష్యుని పి53 జన్యువునందు, ఊపిరితిత్తుల క్యాన్సరులో ఏ స్థానములు తఱచు చెడియుండునో ఆ స్థానములనే అంటుకొనుచున్నదని చూపిరి. మనుష్యుల క్యాన్సరులలో సుమారు సగమునందు పి53 చెడియే యుండును. కావలి పోయిన కణము, చెక్2 లేని ఈగ కేంద్రకమువలె, గాయముతోనే విభజన పొందును. నలుబదియేండ్ల మౌనమునకును, పిమ్మట కొలదినెలలలో పెరుగు పుండునకును మధ్య జరుగు సంగతి యిదియే.

ఒకరికి రాచపుండు పుట్టి మఱియొకరికి పుట్టకపోవుటను మనవారు కర్మమని చెప్పి ఊరకుందురు. కొంత యాదృచ్ఛికమన్నది నిజమే. ఏ పోగు ఏ దినమున తెగునో ఎవరును చెప్పలేరు. కాని తెగు పోగుల సంఖ్య మన చేతిలోనిది. ఆ సంఖ్యను తగ్గించిన ప్రమాదము తగ్గునని చూపిన సాక్ష్యమును మన జిల్లాలోనే పుట్టినది. ఎర్నాకుళము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారికి బోధచేసి, వారి నోళ్లను ఏటేట పరీక్షించి, 1986లో గుప్త మొదలగువారు ఫలితములను ప్రకటించిరి. బోధ పొందినవారిలో పొగాకును మానినవారును తగ్గించినవారును హెచ్చిరి; క్యాన్సరుకు ముందు పుట్టెడి తెల్లపొరలు తగ్గెను. ఉపన్యాసములు, చిత్రములు, ఇంటికి పోయి మాటలాడుట, ఇవియే అక్కడి ఆయుధములు. అక్షరము రాని స్త్రీలు వినరను మాట నిజము కాదని తేలినది.

మన తెలుగువాడే యొకడు ఈ కణవిభజనరహస్యమునుండి మందును తీసిన కథయు ఇక్కడ చెప్పదగినది. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఫోలికామ్లమును గూర్చి పరిశోధనలు నడపించిరి. ఆ యామ్లము లేనిదే కణము డి.ఎన్.ఏ.ను నిర్మింపజాలదు. దానికి అడ్డుపడు అమినోప్టెరిన్ అను ద్రవ్యమును ఆయన బృందము తయారుచేయగా, 1948లో బోస్టనునందు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు దానిని ఇచ్చి తాత్కాలికోపశమనమును సాధించెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే మృతినొందిరి. దానికి తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని, తల, మెడ ప్రాంతపు క్యాన్సరులకు సైతము, వాడుకలో నున్నది. ఆగుట మఱచి విభజన పొందెడి కణమునకు నూలును అందనీయకుండుటయే దాని పని. అయితే ఆ మందు ఆరోగ్యకరమగు కణములను కూడ బాధించును. పుండు ముదిరిన తరువాత చేయు చికిత్స ఎంత కష్టమో, ముందు చేయు నివారణ అంత సులభము.

కాబట్టి చదువుకొన్న గృహస్థులు చేయవలసిన పని స్పష్టము. మన యింటి అవ్వయో, నాటువేయు కూలిమనిషియో, చేపలమ్ముకొన వచ్చు నామెయో అడ్డపొగ త్రాగునదైనచో, ఆమెను నవ్వి అవమానింపరాదు. గాలికి నిప్పు ఆఱిపోకుండుటకును, పనిలో నుసి రాలకుండుటకును ఈ పద్ధతి ఏర్పడినదని త్రాగువారే చెప్పుదురు. కష్టజీవనమునుండి పుట్టిన అలవాటునకు వెక్కిరింత మందు కాదు. ఒక దీపమును తెచ్చి ఆమె అంగుటిని చూడుడు. తెల్లపొర, ఎఱ్ఱమచ్చ, మానని పుండు ఏది కనబడినను వైద్యునికడకు స్వయముగా తోడ్కొనిపొండు. నొప్పి లేదు గదా యని జాగుచేయవద్దు, తొలిదశలో నొప్పి యుండదు. ఏమియు కనబడకున్నను, మాని చూడుమని ప్రేమతో చెప్పుడు. తెగిన పోగును అతుకు నేర్పు ఆమె దేహమునకు పుట్టుకతోనే వచ్చినది. దానికి కావలసినది కొంత తీరిక మాత్రమే. ఆ తీరికను ఇచ్చుటకు చుట్టను క్రిందపెట్టుటకంటె వేఱు ఖర్చు లేదు.